దాహం చెప్పే మొక్క

"ఈ టీమ్‌లో నేనుండను. ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మిరప ఒంటికాలి మీద లేచింది. బల్ల వెనకున్నావిడ నవ్వు చెదరనివ్వకుండా, "లాటరీ తీసి వేసిన టీమ్‌లమ్మా. మార్చడం కుదరదు," అంది.

"మార్చకండి," అన్నాడు వెనక నిలబడ్డ ఆ 'ఆయన'. "నాకేం అభ్యంతరం లేదు."

"మిమ్మల్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. అందుకే అడక్కుండానే చెప్తున్నాను."

మిరప ఆ అమ్మాయి అసలు పేరు కాదు. మిరప మొక్కల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుందని ల్యాబ్‌లో వాళ్లు పెట్టిన పేరు. ముక్కు మీదుండే కోపం వల్ల ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. అతన్ని అందరూ గ్రాఫ్ అంటారు. మొక్క లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో లెక్కగట్టడం అతని పని. భోంచేశావా అని అడిగినా గీత గీసి చూపించే రకం.

వీళ్లిద్దరి మధ్య పాత తగువొకటుంది. పోయినేడాది ఒక సెమినార్లో మిరప మొదటిసారి స్టేజీ ఎక్కి తన పని గురించి చెప్పింది. చివర్లో గ్రాఫ్ చెయ్యెత్తి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. అంతే, ఆమెకి నోట మాట రాలేదు. హాలంతా ఎదురుచూస్తుంటే గ్లాసుడు నీళ్లు తాగేసి వచ్చి కూర్చుంది. ఆ రోజు నుంచి అతని మీద కారాలు మిరియాలు నూరుతూనే ఉంది.

ఇప్పుడీ పోటీ. పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం పెట్టింది. ఏ జన్యువు పెట్టాలి, అది ఎప్పుడు ఆన్ కావాలి, ఎప్పుడు ఆఫ్ కావాలి, ఇవన్నీ ఆలోచించి ఒక్కో టీమూ వారంలో ఒక కొత్త మొక్కని డిజైన్ చెయ్యాలి. గెలిచినవాళ్లకి ఆ మొక్కని నిజంగా తయారు చేసుకోడానికి సొంత గ్రీన్‌హౌస్, అందులోనే ఉద్యోగాలు. మిరప ఉద్యోగం నెలాఖరుకి అయిపోతోంది. ఓడిపోతే పిన్ని నడిపే ట్యూషన్ సెంటర్లో కూర్చుని పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించాల్సిందే.

టీమ్‌లో మూడో మనిషి అక్క. మట్టి మీద పని చేస్తుంది. వీళ్లకంటే కాస్త పెద్దది, కవల పిల్లల తల్లి. మొదటి గంటలోనే ఇద్దరి వాదనా విని, "ఇంట్లో రెండు, ఇక్కడ రెండు. అలవాటేలే," అని కుర్చీ లాక్కుని ఇద్దరికీ మధ్య కూర్చుంది.

ఆలోచన మిరపదే. "మొక్క వాడిపోయాక దాహమని ఎవరైనా చెప్తారు. వాడకముందే మొక్కే చెప్పాలి. నీళ్లు తక్కువైతే మొక్కలో ఒక హార్మోన్ పెరుగుతుంది కదా? దానికి మేలుకునే స్విచ్ ఒకటి మిరప మొక్కలో పెడదాం. ఆ స్విచ్‌కి బీట్‌రూట్ ఎరుపుని తయారుచేసే జన్యువులు తగిలిద్దాం. ఆకు ఎర్రబడిందంటే నీళ్లు పెట్టమని."

"చాలా బాగుంది," అన్నాడు గ్రాఫ్. "కానీ..."

"వచ్చేసింది 'కానీ'," అని గొణిగింది మిరప.

అతను బోర్డు మీద గీత గీశాడు. గీత పైకెక్కి, అక్కడే ఉండిపోయింది. "నీళ్లు పెట్టాక హార్మోన్ తగ్గుతుంది. రంగు మాత్రం పోదు. పాపం రైతు ఇంకా దాహమే అనుకుని పెడుతూనే ఉంటాడు. వేళ్లు కుళ్లిపోతాయి."

గీత నిజమే చెప్తోంది. మిరపకి ఒళ్లు మండింది. తప్పు పట్టినందుకు కాదు, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకనందుకు.

మూడు రోజులు అదే గీత చుట్టూ తిరిగారు. రంగుని కరిగించే ఇంకో జన్యువు పెడదామంది మిరప. అతను లెక్క కట్టి, మొక్క శక్తంతా రంగు వేసుకోడానికీ కడుక్కోడానికే సరిపోతుందన్నాడు. కంప్యూటర్‌కి ఒక్కరోజు వేళ్లు మొలిస్తే తెలుస్తుంది మొక్క బాధ అని ఆమె అంది. అక్క చెవుల్లో దూది పెట్టుకోలేదు గానీ, పెట్టుకోవాలని మాత్రం చాలాసార్లు అనుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మిరప విసురుగా లేచి గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లిపోయింది. అద్దాల పైకప్పు మీద చినుకులు టపటపలాడుతుంటే కుండీల మధ్య నిలబడి, చిన్నపిల్లలా కళ్లు తుడుచుకుంది. అప్పుడే తలుపు తోసుకుని గ్రాఫ్ వచ్చాడు. గొడుగు లేదు. నిలువునా తడిసిపోయి, చొక్కా కింద లాప్‌టాప్‌ని పసిపిల్లని దాచినట్టు దాచుకున్నాడు.

"లాప్‌టాప్ తడవలేదా?" అంది మిరప.

"నేను తడిశాను."

"మిమ్మల్ని అడగలేదు."

అతను నవ్వేశాడు. ఆ తడిసిన జుట్టూ, కళ్లద్దాల మీద ఆవిరీ చూసి ఆమెకీ నవ్వొచ్చింది గానీ కుండీ వైపు తిరిగి దాచుకుంది.

"ఒకటడగనా? ఆ రోజు సెమినార్లో నేను చేసిన తప్పేంటి?"

"అందరి ముందూ ఆ ప్రశ్న అడగాలా?"

"సమాధానం మీకు తెలుసనుకున్నాను. ఆ హాల్లో ఎవరికైనా తెలిస్తే మీకే తెలుస్తుందనుకున్నాను." అతను కళ్లద్దాలు తీసి తడి చొక్కాకే తుడుచుకున్నాడు. అవి ఇంకా మసకబారాయి. "తర్వాత సారీ చెబుదామని వస్తే, మీరు నన్ను చూసి మెట్ల మీదుగా పారిపోయారు."

"పారిపోలేదు. లిఫ్ట్ పని చెయ్యలేదు."

"ఏడాదైంది. మీ కోపం కూడా మన రంగులాంటిదే. ఎన్ని నీళ్లు పెట్టినా పోదు."

"పాత ఆకు మీద రంగు పోదండీ! దాన్నే పట్టుకుని కూర్చుంటే ఎలా? కొత్త ఆకు చూసుకోవాలి గానీ..."

మాట సగంలో ఆగిపోయింది. అతని చేతిలో కళ్లద్దాలు కూడా ఆగిపోయాయి.

"మళ్లీ చెప్పండి," అన్నాడు నెమ్మదిగా.

"కొత్త ఆకు," అంది మిరప. "స్విచ్ మొక్కంతా వద్దు. అప్పుడే పుడుతున్న లేతాకులో మాత్రమే పెడదాం. దాహంలో పుట్టిన ఆకు ఎర్రగా ఉంటుంది, ఉండనీ. నీళ్లు పెట్టాక పుట్టేది పచ్చగా వస్తుంది. రైతు కొసన ఉన్న ఆకు చూస్తే చాలు!"

"రంగు పోనక్కర్లేదు!"

"పోనక్కర్లేదు! కానీ మిరపకి ఆకులు నెమ్మదిగా వస్తాయి. దోసతీగైతే చకచకా వేస్తుంది. మిరపని వదిలేద్దాం."

"మిరపని వదిలెయ్యడం నా వల్ల కాదేమో," అన్నాడు గ్రాఫ్.

అతను మొక్క గురించే అన్నాడా? తేల్చుకోడానికి ఆమె అతని మొహంలోకి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

ఆ తర్వాత పని ఉరుకులు పరుగులే. అతని గీత మొదటిసారి పైకెక్కి ఉండిపోకుండా, ఒక్కో కొత్త ఆకుకీ ఒక్కో మెట్టుగా నడిచింది. ఏ నేల ఎంత సేపటికి ఆరుతుందో అక్క చెప్పింది. మిరప చెప్పిన ప్రతిదీ అతను లెక్కలోకి ఎక్కించాడు. అతను వద్దన్నవి రెండు ఆమె నోరెత్తకుండా తీసేసింది. అక్క ఆశ్చర్యపోయి, "జ్వరం గానీ వచ్చిందా?" అని నుదురు పట్టుకుని చూసింది.

ఫైనల్ రోజు హాలు కిటకిటలాడింది. ఇంట్లోవాళ్లని కూడా పిలిచారు. ముందు వరసలో రైలు నడిపే మిరప నాన్న, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో గ్రాఫ్ వాళ్లమ్మ. ఆవిడ బళ్లో డ్రిల్ టీచర్.

ముగ్గురూ చెప్పడం అయ్యాక, న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ, జుట్టంతా నెరిసిన శాస్త్రవేత్త, మైకు దగ్గరికి లాక్కుంది. "ఎండ మండిపోయినా, నేలలో ఉప్పెక్కువైనా కూడా ఆ హార్మోన్ పెరుగుతుంది. అప్పుడూ మీ ఆకు ఎర్రబడితే? అబద్ధం చెప్పే మొక్కని ఎవరు నమ్ముతారు?"

వందల కళ్లు మిరప మీదే ఉన్నాయి. చెయ్యి దానంతటదే నీళ్ల గ్లాసు కోసం వెతికింది. గ్రాఫ్ మైకు అందుకున్నాడు. సమాధానం అతనికీ తెలుసు. కానీ, "ఇది మా ఆవిడ..." అనేసి, నాలిక్కరుచుకుని, "మా టీమ్‌లో ఆవిడ చెప్తారు," అని మైకు ఆమె చేతిలో పెట్టాడు.

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వులో మిరప భయం ఎటు పోయిందో పోయింది.

"ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పం కదండీ," అంది గట్టిగా. "అందుకే రెండు స్విచ్‌లు పెట్టాం. ఆకులో హార్మోన్ పెరగాలి, మట్టి ఆరినప్పుడు వేళ్లు పైకి పంపే సంకేతం కూడా అందాలి. రెండూ ఒప్పుకుంటేనే రంగు. ఉప్పు విషయంలో మాత్రం ఇంకా పూర్తి నమ్మకం లేదు. అది గ్రీన్‌హౌస్‌లో వేసి చూస్తేనే తెలుస్తుంది. ఆ గ్రీన్‌హౌస్ ఇస్తే చూపిస్తాం."

పెద్దావిడ కళ్లద్దాల పైనుంచి ఒక్క క్షణం చూసింది. తర్వాత పెన్ను కింద పెట్టి, నవ్వింది.

మూడో బహుమతి వేరేవాళ్లకి. రెండోదీ వేరేవాళ్లకే. అక్క కళ్లు మూసుకుంది. మిరప పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఎవరి చెయ్యో చూసుకోలేదు.

"మొదటి బహుమతి, దాహం చెప్పే మొక్క!"

అక్క పెట్టిన కేకకి మైకు కూడా కీచుమంది. డ్రిల్ టీచర్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈలేసింది. మిరప నాన్న లేచి నిలబడి, చప్పట్లు కొట్టడం మర్చిపోయి కళ్లు తుడుచుకున్నాడు. పట్టుకున్న చెయ్యి గ్రాఫ్‌దని మిరపకి అప్పుడు తెలిసింది. తెలిశాక కూడా వదల్లేదు.

బయట మెట్ల మీద డ్రిల్ టీచర్ నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడింది. "వారం నుంచి మావాడు ఫోన్లో దోసతీగ కబుర్లే చెప్తున్నాడు. దోసతీగ గురించి చెప్పేటప్పుడు ఎవరి గొంతూ అలా పలకదు. నీకేమైనా చెప్పాడా, లేదా?"

"ఏం చెప్పాలండీ?" అంది మిరప అమాయకంగా.

"చెప్పలేదన్నమాట!"

మిరప నాన్న గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయ్, మా అమ్మాయి కోపం సంగతి తెలుసా?"

"తెలుసండీ."

"తెలిసి కూడానా?"

"తెలిసేనండీ."

ఆయన కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, భుజం తట్టాడు. "అయితే నేను అడ్డురాను."

"బాగుంది, అందరూ తేల్చేసుకుంటున్నారు. నన్నెవరూ అడగరా?" అంది మిరప, నడుం మీద చేతులేసుకుని.

గ్రాఫ్ ఆమె వైపు తిరిగాడు. అలవాటుగా చెయ్యి జేబులో పెన్ను కోసం పోయింది.

"నోటితో చెప్పరా!" అంది తల్లి.

"మీరంటే..." అన్నాడు. ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. పోయినేడాది నుంచీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావ్?"

"ధైర్యం తెచ్చుకుంటున్నాను."

మిరప అతన్ని అలాగే చూసింది. తర్వాత మెట్ల మీద దిగుతున్న జనమంతా వినేట్టు, సంతోషం పట్టలేని గొంతుతో అరిచింది: "నాకూ నువ్వంటే ఇష్టమే!"

దిగుతున్నవాళ్లంతా ఆగిపోయారు. ముందు అక్క మొదలుపెట్టింది, తర్వాత నెరిసిన జుట్టు పెద్దావిడ, ఆ తర్వాత ఓడిపోయిన టీమ్‌లవాళ్లు కూడా. బహుమతి ప్రకటించినప్పుడు కూడా అన్ని చప్పట్లు పడలేదు.