చెంచా బరువు

ఆ పొద్దున కిటికీ బయట మంచు మీగడలా పేరుకుని, వీధి వీధంతా ఇంకా నిద్రలోనే ఉంది. లోపలి గదిలో తండ్రి కాళ్ళ కింద దిండు పెట్టుకుని, సగం నిద్రలో ఏదో గొణుగుతున్నాడు. ముప్పై ఏళ్ళు ఉప్పుమళ్ళలో మేస్త్రీగా చేసిన మనిషి. కళ్ళు మూస్తే చాలు, ఇప్పటికీ అక్కడే తిరుగుతుంటాడు. నీళ్ళు ఇగిరిపోయి మడంతా తెల్లగా తేలుతుందట, దాని మీద ఎండ ఒలికిపోతుందట. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ తెలుపు కళ్ళలోంచి పోదట.

కూతురు మాత్రం ఆయన పాదాలే చూస్తోంది. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడటం లేదు. వారంలో వాపు తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందేనని, ఆ గుండె ఇంతకంటే మొయ్యలేదని డాక్టరు నిన్ననే తేల్చి చెప్పాడు.

ఆమె ఉద్యోగం ఉప్పు ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీలో, ల్యాబులో. రాళ్ళుప్పు, సైంధవ లవణం, మెత్తటి ఉప్పు, ఏది వచ్చినా దాన్లో సోడియం ఎంతుందో తేల్చి, వంద గ్రాములకి ఇంత అని రాయడం ఆమె పని. తండ్రి ఆమెని ముద్దుగా ల్యాబమ్మ అంటాడు. ఆరు నెలల కిందట ఆయన జబ్బు బయటపడగానే ల్యాబమ్మ ఇంట్లో చట్టం చేసింది. నాన్న వంట వేరు, రోజు మొత్తానికి తలకొట్టిన చెంచా ఉప్పు ఒక్కటే, రుచి చూసి సరిచేయడాలు బంద్. అన్నట్టే వాపు దిగింది. ఈ నెలలో మళ్ళీ మొదలైంది.

"అమ్మా, నిజం చెప్పు. నాన్న అడిగాడని చాటుగా ఇంకాస్త వేస్తున్నావు కదూ?"

గరిటె కడుగుతున్న తల్లి లేదంది. నమ్మితేగా! నలభై ఏళ్ళు మొగుడి నాలుక్కి వండిపెట్టిన చెయ్యి ఊరికే ఉంటుందా అనుకుంది కూతురు. ఆయన కోసం వండిన కూర కాస్త డబ్బాలో సర్దుకుని, ల్యాబులోనే తేలుతుందిలే అంటూ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. కన్నతల్లిని దొంగని చేయడమంటే ఇదే మరి. కోపంలో అది ఆమెకి తట్టలేదు.

ఫ్యాక్టరీలో గాలి నిండా ఉప్పు దుమ్ము. పై కిటికీల వెలుతురులో ఆ దుమ్ము తేలుతూ, అందరూ కలలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ తెల్లటి మసకలో కూర్చుని ల్యాబమ్మ కూర పరీక్ష చేసింది. ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు. ఒళ్ళు మండిపోయింది, వెనకే ఏడుపూ తన్నుకొచ్చింది. ప్రేమతోనే అమ్మ నాన్నని చంపుకుంటోంది. ఒంటిపూట సెలవు చెప్పి ఇంటికి పరిగెత్తింది.

ఫలితం రాసిన కాగితం బల్ల మీద పడేసి, ఇప్పుడేం చెబుతావంది. తల్లి వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు డబ్బా తెచ్చి, చెంచా ముంచి, వేలితో తలకొట్టి, పళ్ళెంలో ఒంపింది.

"రోజూ ఇంతే వేస్తున్నాను. తూచుకో."

వంటింటి తూకం ఆరు గ్రాములు చూపించింది. మూడున్నర ఉండాలి. కూతురు డబ్బాలోకి తొంగిచూసింది. లోపల మెత్తటి పొడి ఉప్పు. ఇంట్లో ఎప్పుడూ వాడే రాళ్ళుప్పు ఏమైందని అడిగింది.

"అయిపోయి నెలైంది. మెత్తటిది వాడితే కొలత మార్చాలా అని నిన్నడిగాను. ఫోనులోంచి తలెత్తకుండా, ఏ ఉప్పులోనైనా సోడియం ఒకటే, అదే చెంచా వెయ్యమన్నావు."

ల్యాబమ్మ కుర్చీలో కూలబడింది. తూచితే ఒకటే, నిజమే. వంద గ్రాములకి వంద గ్రాములు, ఏ తేడా లేదు. కానీ రాళ్ళ మధ్య సందులుంటాయి, పొడి కూరుకుని కూర్చుంటుంది. అదే చెంచాలో దాదాపు రెట్టింపు పడుతుంది. ఏ ఇల్లాలు ఉప్పు తూచి వేస్తుంది? ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెంచా సంగతి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఉప్పగా ఉందని నీకు తెలియలేదా అమ్మా అని మెల్లగా అడిగింది.

"ఆయన వదిలేసిన ముద్ద తిన్నప్పుడు తెలిసింది. నువ్వు చదువుకున్నదానివి, నా నోరే పాడైందనుకున్నాను. నీ లెక్క నేను నమ్మాను తల్లీ. నా చెయ్యి నువ్వు నమ్మలేదు."

లోపల్నుంచి తండ్రి దగ్గు వినిపించింది. ఆయనకీ తెలుసట. నాలుకకి తగిలించి ఏ మడి ఉప్పో చెప్పిన మనిషికి తెలియదా? పెళ్ళామే దయతలిచిందనుకుని, పైకి అంటే ఆపేస్తుందని గుట్టుగా తినేశాడట. నెలంతా కలలో భోంచేసినట్టుందని ఒప్పుకున్నాడు. కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

డాక్టరుకి ఫోన్ చేసి, తప్పు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇవాళ్టి నుంచే కొలత సరిచేయమని, వాపు దిగే మాత్ర కాస్త పెంచి చూద్దామని, దారి దొరికింది కాబట్టి ఆస్పత్రి మాట తర్వాత అని ఆయన అన్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. వెక్కుతూనే, ఇకనుంచి నీకేమనిపిస్తే అది చెప్పమ్మా, వింటానంది.

"వింటావా?"

"వింటాను."

"అయితే విను. పొద్దున నువ్వలా అని వెళ్ళినప్పట్నుంచి నాకు ముద్ద దిగలేదు. ఆకలేస్తోంది."

కూతురు లేచి చేతులు కడుక్కుని, కంచంలో అన్నం కలిపి, మొదటి ముద్ద తల్లి నోటికి అందించింది. పొద్దుటి నుంచి ఒక్క చుక్క రానివ్వని ఆ తల్లికి అప్పుడు వచ్చింది ఏడుపు.