పదిహేడో నంబరు ప్రాక్సీ

మా ఊరి కాలేజీలో ప్రాక్సీ చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు. ముక్కు నొక్కిపెట్టి సన్నగా "ప్రెజెంట్" అంటే లెక్చరరు తలెత్తేవాడే కాదు. ఆ విద్య పైచదువుకని వచ్చిన పరాయి దేశంలోనూ పనికొస్తుందని మురిసిపోయాను చూడండి, అక్కడే నా కొంప మునిగింది.

ఆ శనివారం యూనివర్సిటీవాళ్లు మమ్మల్ని బస్సులో మహానగరం చూపించడానికి తీసుకెళ్లారు. నాది పదహారో నంబరు, నా రూమ్మేట్‌ది పదిహేడు. స్నానానికి వెళితే గంటకి గానీ రాదు కాబట్టి దాన్ని 'నిదానం' అంటాం. ఎండ హాయిగా ఉంది. నది ఒడ్డున ఐస్‌క్రీములు తిన్నాం, వంతెన మీద వంద ఫొటోలు దిగాం. ఇంటి మీద బెంగ ఆ పూటకి మర్చిపోయాను.

బజారు దగ్గర నేను బస్సెక్కి కూర్చున్నాక నిదానం ఫోన్ చేసింది. "బూట్ల కొట్లో ఉన్నానే. ఐదు నిమిషాల్లో వచ్చేస్తా. పిలిస్తే ప్రాక్సీ చెప్పెయ్యవే, నీకు పుణ్యముంటుంది."

మా గైడు కాగితం మీంచి కళ్లు తిప్పడు. నంబరు పిలుస్తాడు, పలికితే టిక్కు పెడతాడు. "పదిహేడు" అన్నాడు. ముక్కు నొక్కి "ప్రెజెంట్" అన్నాను. చివరి టిక్కు పడగానే తలుపు మూసేశారు, బస్సు కదిలింది. అయ్యయ్యో! ఊరుకాని ఊళ్లో దాన్ని నేనే వదిలేశానా?

ఆపమని అరవబోతుంటే పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు. నిదానం ఊదారంగు కోటే. టోపీ ముఖం మీదకి లాక్కుని ఉంది.

"వచ్చేశావా తల్లీ! గుండె ఆగినంత పనైందే."

వసపిట్టలా వాగే మనిషి నోరు విప్పదేం? చేతిలో బూట్ల సంచీ కూడా లేదు. కోటులోంచి ఆరని బట్టల వాసన... ఇంత ఎండలో తడి ఎక్కడిది?

"బూట్లు కొన్నావా?" గుసగుసగా అడిగాను.

"ప్రెజెంట్."

ముక్కుతో... సన్నగా... అచ్చం నేను చెప్పినట్టే.

నా ఫోన్ మోగింది. "బస్సేదే?" నిదానం ఏడుస్తోంది. "రోడ్డు మీద ఒక్కదాన్నే ఉన్నాను. భయమేస్తోందే."

పక్కకి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. తర్వాత చూపించాల్సిన పార్కు దగ్గర బస్సు ఆగగానే అందర్నీ తోసుకుని దిగేశాను. రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను. కాసేపటికి మావాళ్లంతా తిరిగి ఎక్కారు. గైడు పిలుపు నాదాకా వినిపించింది.

"పదహారు."

నేను ఇవతలి ఫుట్‌పాత్ మీదే ఉన్నాను. బస్సులోంచి నా గొంతు... ముక్కు నొక్కని నా సొంత గొంతు... "ప్రెజెంట్" అంది.

"పదిహేడు."

"ప్రెజెంట్." ఇది ముక్కుతో.

రెండు టిక్కులూ పడ్డాయి. బస్సు వెళ్లిపోయింది.

బజారులో నిదానం కనపడగానే కావలించుకుని ఏడ్చేశాను. తిరుగు రైల్లో దాని చెయ్యి వదల్లేదు. హాస్టలుకి వచ్చి మా గది తాళంచెవి తిప్పితే తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ పెట్టుంది.

"మన గదిలో ఎవరే?" నిదానం గొణిగింది.

తలుపు తట్టాను. "ఎవరది?" అని అడిగాను.

నా పెదాలు కదిలాయి. నా గొంతు మాత్రం తలుపు అవతలి నుంచి వినిపించింది.