ఇరవై నాలుగుసార్ల బ్యాటరీ

"ఎనిమిది గంటలు! డబ్బా మీదనే రాసుంది, సూడు."

సుకన్య లాప్‌టాప్ డబ్బాను నాగరాణి ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టింది. మిర్యాలగూడలో సైన్స్ ఫెయిర్ మొదలై అరగంటైంది. కరెంటు లేదు. ఆ ఏడాది కోతల వేళలు పిల్లలకు కూడా నోటికొచ్చు. తొమ్మిదికి పోతే మళ్లీ పన్నెండుకే రావడం.

సుకన్య, నాగరాణి దామరచర్ల దగ్గరి బడిలో ఏడో తరగతి. లాప్‌టాప్ సుకన్య అన్న రవీందర్‌ది. కోదాడలో ఇంజనీరింగ్ చదువుతూ కొత్తగా కొనుక్కున్నాడు. రెండు రోజుల కోసం సుకన్య వాడి వెంటపడి మరీ తెచ్చింది.

అందులో ఉన్నది మాత్రం నాగరాణి కష్టం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వాళ్ల నాయనమ్మ బక్కమ్మ కాళ్లు వంకరపోయాయి. ఎవరడిగినా నోరు విప్పని ఆ ముసలమ్మను ఎలాగో ఒప్పించి, నాగరాణి ఏడు నిమిషాల వీడియో తీసింది. జడ్జీలు తన నాయనమ్మ మాట వినాలి. ఆ పిల్లకు కావలసింది అంతే.

ఇంటి దగ్గర ఒకసారి బ్యాటరీ అయిపోయేదాకా నడిపి చూడమని బడిలో సైన్స్ చెప్పే స్వరూప మేడం వారం కిందటే చెప్పింది. సుకన్య వినలేదు. తయారు చేసినవాళ్లకు తెలియదా, మేడానికి తెలుసా అని లోలోపల సణుక్కుంది. మొండితనానికి కూడా ఫెయిర్ పెడితే మొదటి బహుమతి మన సుకన్యదే.

ఇంతలో పక్క బల్ల కొండల్ వచ్చి పాట పెట్టమన్నాడు. సుకన్య పెట్టింది. ఇంకో నలుగురొచ్చి కారు రేసు ఆట అడిగారు. అదీ పెట్టింది. చీకటి హాల్లో బాగా కనిపించాలని తెర వెలుతురు మొత్తం పెంచింది. జర ఆపమని నాగరాణి రెండుసార్లు అడిగింది.

"ఎనిమిది గంటలుంటది. తెల్వకపోతే ఊకో" అంది సుకన్య.

కాసేపటికి మూలన బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. సుకన్య పాట బొమ్మను తెర నిండా పెద్దది చేసింది. గుర్తు కనిపించకుండా పోయింది. హమ్మయ్య అనుకుంది.

పదకొండు దాటి పది నిమిషాలకు తెర నల్లబడింది. ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. జడ్జీలు సరిగ్గా అప్పుడే వచ్చారు. పెద్ద జడ్జి సారు వంగి చూశాడు. నల్లటి తెరలో ఆయనకు ఆయన ముఖమే కనిపించింది. రేపు పదకొండింటికి ఇంకోసారి వస్తామని, అప్పుడైనా చూపించమని చెప్పి వెళ్లిపోయారు.

బస్సులో నాగరాణి వేరే సీట్లో కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది సుకన్యకు.

ఇంటికొచ్చాక ఆ కోపమంతా డబ్బా మీదికి మళ్లింది. డబ్బా అబద్ధమాడిందని, ఆ షాపుకు వెళ్లి గట్టిగా అడుగుతానని నాన్న బీక్యా ముందు చిందులు వేసింది. ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అడుగుదువు తియ్ బిడ్డా" అన్నాడు. "మన మోటరుకు ఏడు గంటల కరెంటంటరు. నేనెప్పుడన్న గంటలు లెక్కపెట్టిన్నా? ఎన్ని మడులు తడిసినయో సూస్త. వోల్టేజీ మంచిగుంటే పది తడుస్తయి. తక్కువుంటే ఆరే. నువ్వు దానితోని ఏం పని చేయించినవ్?"

సుకన్య చేతిలోని డబ్బాను పక్కన పెట్టింది.

"పాటలు పెట్టిన" అంది, నేల చూపులు చూస్తూ.

అన్నకు ఫోన్ చేసింది. తనకు ఏనాడూ మూడు గంటలకు మించి రాలేదని రవీందర్ నవ్వాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వడిగితే గదా అన్నాడు. సుకన్య ఫోన్ పెట్టేసింది.

వాళ్ల ఊళ్లో కోత వేళలు వేరు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు రాగానే ఛార్జింగ్ పెట్టింది. నాలుగింటికి నిండింది. వైరు పీకేసింది. తెర వెలుతురు సగానికి తగ్గించి బక్కమ్మ వీడియో పెట్టింది. అయిపోగానే మళ్లీ పెట్టింది. ఒక్కోసారికి నోటుబుక్కులో ఒక్కో గీత. అయిదు గీతలకు బక్కమ్మ మాటలన్నీ కంఠతా వచ్చాయి. పన్నెండో గీత దగ్గర సుకన్య పెన్సిల్ ఆగింది. అప్పటిదాకా ఆ మాటలు చెవిన పడుతున్నాయంతే. ఇప్పుడు గుండెలో గుచ్చుకున్నాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పదమూడోసారి పెట్టింది.

ఇరవై నాలుగు గీతల తర్వాత తెర ఆరిపోయింది. రాత్రి మళ్లీ నిండేదాకా ఛార్జింగ్ పెట్టింది.

మరునాడు హాల్లో సుకన్య నేరుగా నాగరాణి దగ్గరికి వెళ్లింది.

"నిన్న నీ మాట వినలే. తప్పు నాదే. నిన్న సాయంత్రం మీ నాయనమ్మను ఇరవై నాలుగుసార్లు విన్న."

నాగరాణి నమ్మలేదు. "అయితే సెప్పు, ఆఖర్ల ఏమంటది?"

"నీళ్లు తేటగున్నయని తాగినం. ఎవలన్న పరీక్ష చేసిన్రా అంటది."

నాగరాణి తన బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. కొండల్ మళ్లీ పాటలకు వచ్చాడు.

"ఇయ్యాల పాటల్లేవ్" అంది సుకన్య. లాప్‌టాప్ మూత కూడా తెరవలేదు.

ఎనిమిది గంటల బ్యాటరీ ఏమైందని కొండల్ ఎగతాళి చేశాడు. సుకన్య డబ్బా తిప్పి చూపించింది. 'ఎనిమిది గంటలు' అన్నదాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో, 'బక్కమ్మ నాయనమ్మ: ఇరవై నాలుగుసార్లు'.

"డబ్బా ఖరాబ్ చేసినవ్. మీ అన్న తంతడు" అన్నాడు కొండల్.

"తన్ననీ. నేను నడిపి సూసి రాసిన."

జడ్జీలు పదకొండింటికి వస్తామని పదకొండున్నరకు వచ్చారు. సుకన్య పక్కకు జరిగింది. మూత తెరిచి వీడియో పెట్టింది నాగరాణే. ఆ చీకట్లో బక్కమ్మ గొంతు హాలంతా వినిపించింది. కొండల్ కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏడు నిమిషాలూ ఎవరూ కదల్లేదు.

పెద్ద జడ్జి సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకోసారి చూడాలని ఉందిగానీ బ్యాటరీ ఉంటుందో లేదోనని సందేహపడ్డాడు.

"ఇంకా ఇరవై మూడుసార్లు ఉంటది సార్" అంది సుకన్య. "కూసోండి."