రెబెక్కమ్మ పసుపు వేయలేదు

పొద్దున్నే సద్దన్నం ముందు కూర్చున్న యెహోషువ మళ్ళీ అదే మాట అన్నాడు.

"అన్నంలో గూడా పసుపేసినావా, రెబెక్కా?"

రెబెక్కమ్మ గరిటెతో కుండను ఠంగుమని కొట్టింది. "మల్లెపూవు మాదిరి ఉండే అన్నాన్ని పట్టుకొని పసుపంటావేందయ్యా? నిన్న పెరుగులో పసుపన్నావు. మొన్న నీ పంచెను పసుపులో ముంచినానన్నావు. నలభై ఏళ్ళు నా చేతి కూడు తిని, ఇప్పుడా వంకలు?"

"వంక గాదే. కంటికి కనపడేదే చెబతా ఉండా. అయినా నాకు తినబుద్ధి గావడంలా," అని ఆయన కంచం పక్కకు నెట్టాడు.

వారం రోజులుగా ఇదే గొడవ. యెహోషువ ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువ మీద సరుగుడు కట్టెల పడవ వేసుకొని మద్రాసు దాకా పోయివచ్చిన మనిషి. గుండె జబ్బు చేసి నెల్లూరులో ఆసుపత్రిలో ఉండి, మూడు వారాల కిందట ఇంటికి వచ్చాడు. మొదట బాగానే తిన్నాడు. ఇప్పుడు చేపల పులుసు కూడా ముట్టడు. రెబెక్కమ్మ పులుసుకు కాలువ గట్టు వెంబడి పది ఊళ్ళలో పేరు. కట్టుకున్నవాడే కంచం నెడితే ఇంక ఆ పేరు ఎందుకు?

ఆవిడ కళ్ళు తుడుచుకొని గుడ్డలు సంచిలో కుక్కింది. "నాయుడుపేటలో మా తమ్ముడింటికి పోతా ఉండా. నీ కొడుకు వండిపెడతాడు, తిను."

కొడుకు సమాధానం వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "నాయనా, అమ్మను పోవద్దని చెప్పు," అన్నాడు.

"నాకు చెప్పే పని పెట్టుకోవద్దని వాడికి చెప్పు," అంది రెబెక్కమ్మ.

పేరు సమాధానమే గాని, ఈస్టరు నాటి నుంచి తల్లీకొడుకులకు మాటల్లేవు. ఆవిడ ముద్దుగా పెంచుకున్న బాతును, అడగకుండా కోయించి పాస్టరు గారికి విందు పెట్టాడు. పాస్టరు గారు బాతు బాగుందని ఆవిడతోనే అన్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ మాటైనా యెహోషువ మీదుగానే పోవాలి, రావాలి.

సరిగ్గా అప్పుడే కూతురు నవోమి వచ్చింది. నెల్లూరులో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, నాయనను చూడాలని, ఒంటి మీది చీరతోనే తొలి బస్సు ఎక్కింది.

యెహోషువ ముఖం వికసించింది. "రామ్మా! ఏంది, నర్సులకు పసుపు చీరలిస్తా ఉండారా ఇప్పుడు?"

రెబెక్కమ్మ నెత్తి కొట్టుకుంది. "చూడు! నీ చీరకు గూడా నేనే పూసినాననేటట్టు ఉండాడు."

నవోమి తన తెల్లచీర చూసుకుంది. నవ్వలేదు. నాయన పక్కన కూర్చొని, మణికట్టు పట్టుకొని, గడియారం వంక నిమిషం పాటు చూసింది. నాడి నలభై ఆరు.

"నాయనా, దీపం చుట్టూ గుండ్రంగా వెలుగు కనపడతా ఉండాదా?"

"అవునమ్మా. లాంతరు తుడవలేదని దానికీ మీ అమ్మను తిట్టినా."

"అయ్యో, ఈ రభసలో గుండె బిళ్ళ మరిచినా," అని రెబెక్కమ్మ సీసా తెచ్చింది. నవోమి ఆ సీసా లాక్కుంది.

"వెయ్యొద్దమ్మా!"

"కన్నతండ్రికి మందు ఆపుతావా? నర్సు చదువు ఇందుకా చదివింది?"

సమాధానం వల వదిలేసి లేచాడు. "అమ్మ చెప్పింది నిజం, నవోమీ. మందు ఆపితే ఎట్టా?"

ఈస్టరు తర్వాత ఆ ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

నవోమి బిళ్ళలన్నీ కంచంలో పోసి లెక్కపెట్టింది. "నూరు బిళ్ళల సీసా. రోజుకొకటి. ఇరవై ఒక్క రోజులు. డెబ్బై తొమ్మిది ఉండాల. యాభై ఎనిమిదే ఉండాయి. తక్కినవి ఏమైనాయి?"

"పొద్దున సద్దన్నం తిన్నాక నేనొకటి ఇస్తా," అంది రెబెక్కమ్మ. "ఈ సమాధానానికి మతిమరుపు గదా, ఇస్తాడో లేదో అని."

సమాధానం గొంతు తగ్గింది. "పడుకోబోయే ముందు నేనొకటి ఇస్తా. అమ్మకు చదువు రాదు గదా, ఇచ్చిందో లేదో అని."

"నాకో మాట చెప్పగూడదా రా?"

"నీకూ నాకూ మాటలెక్కడ ఉండాయమ్మా?"

ముగ్గురూ యెహోషువ వైపు తిరిగారు. ఆయన పంచె అంచు సర్దుకున్నాడు. "ఇద్దరూ అంత ప్రేమగా నోట్లో పెడితే, ఒకరిది వద్దని ఎట్టనేది? ఒకటి మంచిదైతే రెండు ఇంకా మంచిదే గదా."

"ఈ మందు అట్టాంటిది గాదు నాయనా," అంది నవోమి. "ఎక్కువైతే నాడి పడిపోతాది. గుండె ఆగిపోయినా ఆగిపోతాది. అన్నం సయించదు, తెల్లనిదంతా పసుపుగా కనపడతాది. అమ్మ పసుపు వెయ్యలా. ఇద్దరూ కలిసి బిళ్ళలు ఎక్కువేసినారు."

రెబెక్కమ్మ చేతిలో సంచి జారింది. "ఓ ప్రభువా! బాతు కోసం మొగుణ్ణి చంపుకోబోయినానే!"

"తప్పు నాది గూడా అమ్మా," అని సమాధానం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తూనే ఆవిడ, "ముందు బండి కట్టరా," అంది.

నెల్లూరులో డాక్టరు గారు బిళ్ళ ఆపేసి, పది రోజులు ఆసుపత్రిలో ఉంచుకున్నారు. ఆ తర్వాత రోజుకు అర బిళ్ళ చాలన్నారు. నవోమి ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. పొద్దున ప్రార్థన కాగానే, అందరి ముందూ సమాధానం నాడి చూడాలి. అరవైకి తగ్గితే బిళ్ళ లేదు. వేస్తే, రెబెక్కమ్మ గోడ మీద బొగ్గుతో గీత గీయాలి. గీత ఉంటే మళ్ళీ వేయకూడదు. దానికి చదువు అక్కర్లేదు.

ఇంటికి వచ్చిన మరునాడు ప్రార్థన అయింది. "అరవై ఎనిమిది," అన్నాడు సమాధానం. అర బిళ్ళ పడింది, గీత పడింది. రెబెక్కమ్మ సద్దన్నం, రాత్రి మిగిలిన చేపల పులుసు వడ్డించి పక్కనే నిలుచుంది.

యెహోషువ కంచం వంక చాలాసేపు చూశాడు.

"తెల్లగా ఉండాది, రెబెక్కా."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకొని, నిదానంగా నమిలి, అన్నాడు.

"పులుసులో మటుకు పసుపు తగ్గిందే."

రెబెక్కమ్మ గిరుక్కున లోపలికి పోయి, పసుపు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠంగుమని పెట్టింది. ఏడుపు ఇంకా ఆగలేదు, నవ్వు అప్పుడే వచ్చేసింది.

"ఇదిగో. నీ ఇష్టమొచ్చినంత చల్లుకో!"