లిఫ్టు గుంతలో చెప్పిన మాట

లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. అడుగున గుంతలోకి దిగేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి. రెండోవాడు పైన మెషీన్ గదిలో మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, ఆ చెవి తెచ్చి దిగబోయేవాడి చేతిలో పెడతాడు. అది జేబులో ఉన్నంతసేపూ లిఫ్టు కదలదని ధైర్యం.

సెలవు రోజు మధ్యాహ్నం, మూసి ఉన్న ఓ పాత ఆఫీసు భవనంలో బాబాయ్ చెవి తెచ్చి మెకానిక్ చేతిలో పెట్టాడు. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. వర్క్‌షాపులో అందరికంటే పెద్దవాడు, అందరికంటే ఎక్కువ వాగేవాడు, అందుకని అందరికీ బాబాయే.

"తాళం లాగి చూశాను. నువ్వూ వెళ్ళి ఓసారి చూసుకో."

"అక్కర్లేదులే బాబాయ్."

"మోకాళ్ళ నొప్పులతో నేను ఎక్కి దిగలేదూ? వెళ్ళి చూడు."

మెకానిక్ వెళ్ళి చూసి వచ్చాడు. ఎందుకు చూడమన్నాడో ఇద్దరికీ తెలుసు.

కిందటేడాది మెకానిక్ తాళం వెయ్యకుండానే చెవి ఇచ్చాడు. పుచ్చుకున్నది బావ. అక్క మొగుడు, చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు. ఆ రోజు మెకానిక్ పొద్దున్నే మందు కొట్టి వచ్చాడు. స్విచ్ ఆపేశాననుకున్నాడు, తాళం వేసేశాననుకున్నాడు, చెవి మాత్రం ఒద్దికగా పట్టుకెళ్ళి బావ చేతిలో పెట్టాడు. ఏదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు కిందికి వచ్చింది.

తర్వాత తాగుడు మాన్పించే సెంటర్లో అతన్ని చేర్పించింది అక్కే. నయమయ్యాక ఇంటికి తెచ్చుకున్నదీ అక్కే. "ఆ పని చేసింది తాగుడురా, నువ్వు కాదు" అంది. ఊరంతా మొహాన ఉమ్మేసినా తట్టుకునేవాడేమో గానీ, ఆ మాట మాత్రం అతనికి మింగుడుపడలేదు. ఆమె ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంటే ముద్ద గొంతు దిగేది కాదు. కానీ ఆ మాట మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. అది కాస్తా పోతే అతనికి ఉండటానికి చోటూ లేదు, తాగకుండా ఉండటానికి కారణమూ లేదు.

గుంత మనిషిలోతు ఉంది. ఇనుప నిచ్చెన దిగి, బల్బు తగిలించి, ఊరిన నీళ్ళు తోడి, తుప్పుపట్టిన స్ప్రింగులకి గ్రీజు పూయడం మొదలుపెట్టాడు. నెత్తిమీద లిఫ్టు అడుగుభాగం నల్లగా వేలాడుతోంది. తడిసిన దుమ్ము, పాత గ్రీజు, ఎక్కడో చచ్చిన ఎలుక... అన్నీ కలిసిన వాసన. పైన బాబాయ్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ వియ్యంకుణ్ణి దులిపేస్తున్నాడు. ఆ వాగుడు వింటుంటే ప్రాణానికి హాయిగానే ఉంది.

బల్బు ఆరిపోయింది.

"బాబాయ్, లైటు పోయింది."

పైన వాగుడు ఆగిపోయింది. చీకట్లో గోడ మీంచి నీటిబొట్టు పడుతున్న చప్పుడు ఒక్కటే. అప్పుడు వచ్చింది ఇంకో వాసన. మందు వాసన. ఎవరో ఇప్పుడే మూత తీసినంత ఘాటుగా. మెకానిక్ నోట్లో నీళ్ళూరాయి. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో సెంటర్లో కౌన్సిలరమ్మ నేర్పింది. మనసులో ఏముందో పేరు పెట్టి పైకి చెప్పెయ్యాలి. ఒకటి చెప్పగానే ఆమె "ఇంకా?" అనేది. అడుగంటా చెప్పేదాకా వదిలేది కాదు. చెప్పేశాక తాగాలన్న తపన నిజంగానే తగ్గేది.

"భయంగా ఉంది" అన్నాడు పైకే. "సిగ్గుగా ఉంది."

"ఇంకా?"

తనే అన్నాననుకున్నాడు. కౌన్సిలరమ్మ అలవాటు తన నోటికీ పట్టుకుందనుకున్నాడు.

"దిగులు. బావ గుర్తొస్తున్నాడు."

"ఇంకా?"

ఈసారి తన పెదాలు కదల్లేదు. గొంతు ఎదురు గోడ దగ్గర్నుంచి వచ్చింది. బావ గొంతు కాదు. బావదే అయితే ఆ క్షణమే కాళ్ళమీద పడిపోయేవాడు. బాగా ఎరిగిన గొంతే... ఎవరిదో అందడం లేదు.

"కోపం... నా మీద నాకే."

"ఇంకా?"

"ఇంకేం లేదు. అయిపోయింది."

నీటిబొట్టు పడింది. ఇంకోటి పడింది.

"ఇంకా?"

చెవి పక్కనే. వెచ్చటి ఊపిరి మెడకి తగిలింది. మందు కంపు. నిచ్చెన కోసం చెయ్యి చాచాడు. అందలేదు. అక్కడే కూలబడ్డాడు.

"ఆ రోజు పొద్దున... నా తాగుడు సంగతి సాయంత్రం అక్కకి చెప్పేస్తానన్నాడు బావ. పనిలోంచి కూడా తీయించేస్తానన్నాడు. మధ్యాహ్నం... తలుపులు తెరిచి చూసినప్పుడు... ఏడుపు రాకముందు... హమ్మయ్య అనిపించింది. ఇంక ఎవరూ చెప్పరు కదా అని. హాయిగా అనిపించింది. ఒక్క క్షణం. ఒట్టు, ఒక్క క్షణమే..."

సెంటర్లో కూడా చెప్పని మాట అది.

ఏదో అతని భుజాన్ని రాసుకుంటూ పోయింది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. పైకి... ఇంకా పైకి... బల్బు వెలిగింది.

చిత్రంగా, అతనికి ఒళ్ళు తేలికైంది. తపన లేదు, వాసనా లేదు. ఇవాళే అక్కకి చెప్పేద్దాం, తిట్టినా సరే, కొట్టినా సరే అనుకుంటూ పైకెక్కాడు.

పైన బాబాయ్ లేడు, అతని సంచీ లేదు. గుంతలో మనిషుండగా వదిలిపోయే రకం కాదు బాబాయ్. వీధి షట్టరు కిందికి దించి, బయట తాళం వేసి ఉంది. దిగి గంటైనా కాలేదనుకున్నాడు, అడుగు సందులోంచి అప్పుడే సాయంత్రపు ఎండ లోపలికి పడుతోంది. అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

అక్క గుసగుసగా, "ఎవరండీ?" అంది.

"నేనే అక్కా."

"మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడండీ. నా ఎదురుగానే కూర్చున్నాడు." ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఫోను పక్కకి తిప్పి ఎవరితోనో అంది, "నీ ఫోను ఎవరికో దొరికినట్టుందిరా."

"అక్కా, వాడు నేను కాదు. నువ్వు లేచి బయటికి వచ్చెయ్..."

ఆమె విన్నట్టే లేదు. ఎవరో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది కాబోలు, చెప్పుకుపోయింది. "వాళ్ళ బావ పోతే హాయిగా అనిపించిందటండీ. వచ్చీ రాగానే చెప్పాడు."

కాదనడానికి లేదు.

"పోనీలేరా అన్నాను. ఊరుకోడే. నీ మనసులో ఉన్నదీ చెప్పు, చెప్పు అని పీక్కుతిన్నాడు. ఇప్పుడే చెప్పేశానండీ."

"ఏం చెప్పావక్కా?"

"వడ్డించిన ప్రతిసారీ వాణ్ణి ఈ చేతుల్తోనే చంపెయ్యాలనిపిస్తుందని."

షట్టరు సందులో ఎండకి ఏదో అడ్డం వచ్చింది. రెండు పాదాలు. కాళ్ళకి అక్క చెప్పులు. ఎడమదాని పట్టీ మొన్ననే అతను కుట్టించి తెచ్చాడు. తాళం తీసిన చప్పుడేమీ లేదు. షట్టరు మాత్రం నెమ్మదిగా పైకి లేస్తోంది. అతను పక్కకి తప్పుకోలేదు.

ఫోనులో అక్క ముక్కు చీదుకుని, "ఉన్నారా అండీ?" అంది.