పచ్చ కళ్ల గల్లీ

"పట్టుకోండ్రి వాణ్ని!"

హనుమాండ్లు వెనక్కి చూడడు. ఉరుకుతున్నాడు.

చేతిలో బారెడు ఇనుప చావి. గల్లీకి నీళ్లొదిలే వాల్వ్‌ది. ఆ వాల్వ్ తిప్పే బామ్మర్ది గాలయ్య ఒంటిగది ఖోలీలోంచి ఇప్పుడే ఎత్తుకొచ్చాడు.

పొద్దుగూకింది. బతకొచ్చిన తెలుగోళ్లు, మరాఠీలు కలిసుండే నాగావ్ గల్లీ. రెండు పక్కలా మగ్గాలు... ఖట్ ఖట్ ఖట్!

నల్లాల ముందు బిందెలు వరస కట్టాయి. సన్నటి ధార అప్పుడే మొదలైంది.

ఆగాలి... ఆ నీళ్లు ఆగాలి!

గల్లీలో ఇంటింటికీ కామెర్లు. పిల్లలు నాలుగు రోజులు పడుకుని లేస్తున్నారు. పెద్దోళ్లే లేవడం లేదు.

అతని భార్య రాజమణి లేవలేదు. కళ్లు పచ్చబడ్డాయి. మాట ముద్దయింది. ఆఖరికి మొగుణ్ని కూడా గుర్తుపట్టలేదు. లివర్ పోయిందన్నాడు డాక్టర్. నీళ్లతోనే వస్తోంది ఈ రోగం అన్నాడు.

ఆమెను కాటిలో కాల్చి వచ్చాక అతనికి ఏడుపు రాలేదు. ఆకలీ కాలేదు. ఒళ్లు ఎవరిదో అన్నట్టుంది.

ఇవ్వాళ మధ్యాహ్నం మోరీలో చూశాడు. నూలుకు గంజి పెట్టే కార్ఖానా సేఠ్ విశ్వేశ్వరరావు దొంగచాటుగా వేసుకున్న పైపు. గల్లీ పైపుకు అతికిన చోట పగిలింది. మోరీ నీళ్లు లోపలికి పోతున్నాయి! మున్సిపాలిటీలో చెప్తే 'సోమవారం చూద్దాం' అన్నారు.

గల్లీ చివర వాల్వ్ గుంత. మోకాలి లోతు.

దూకాడు. చావి బిగించాడు. తిప్పాడు.

కదల్లేదు!

ఆడోళ్లు ఉరికొచ్చారు. ముందు శాంతాబాయి. పక్క ఖోలీ మనిషి. కొడుకు కామెర్లతో మంచం మీదున్నాడు.

"పానీ బంద్ చేస్తవా? ఇంట్ల చుక్క లేదు, భావూ!"

"గీ నీళ్లే మనల చంపుతున్నయ్, బాయీ."

"ఝూట్!" అతని కాలర్ పట్టి గుంజింది.

"జరుగుండ్రి!"

గాలయ్య. సేఠ్ మనిషి. చేతిలో కట్టా, నాటు పిస్తోలు.

"చావి ఇయ్యి, బావా."

హనుమాండ్లు అతన్నే చూశాడు. రాజమణికి తోడబుట్టినోడు. వీడికి తెలియదు. తెలిస్తే...

"గాలయ్యా... మీ సేఠ్ పైపు పగిలింది. మోరీ నీళ్లు కలుస్తున్నయ్. గవి తాగే మీ అక్క సచ్చింది."

గాలయ్య ముఖం కదల్లేదు.

"ఎరుకనే."

"...ఏంది?"

"పగిలిన్నాడే ఎరుక. తవ్వితే సేఠ్ పైపు బయటపడ్తది."

"మరి మీ ఇంట్ల?"

"మాకు ట్యాంకర్ వస్తది."

"అక్కకన్న చెప్పకపోతివా?"

"అక్క నీకు చెప్తుండె. నువ్వు గల్లీకంత చెప్తుంటివి."

ఇక్కడ మగ్గాల మోత తక్కువ. ప్రతి మాటా వినపడింది.

కాలర్ మీద శాంతాబాయి చెయ్యి వదులైంది.

హనుమాండ్లు కోపం కోసం చూశాడు. రాలేదు. రెండు చేతులా చావి పట్టి బలమంతా వేశాడు.

కిర్ర్... కదిలింది! ఇంకో చుట్టు. ఇంకోటి...

ధాం!

తొడలో ఏదో తగిలింది. వెల్లకిలా పడ్డాడు. నొప్పి లేదు. వెచ్చగా తడి, అంతే.

నల్లాల్లో ధార ఆగిపోయింది.

గాలయ్య గుంతలోకి దూకాడు. వాల్వ్ మీద చెయ్యేశాడు.

చావి లేదు!

తలెత్తాడు. శాంతాబాయి చేతుల్లో ఉంది.

"ఇయ్యి, మౌసీ!"

"మీ ఇంటికి ట్యాంకరా?"

ఆమె వెనక ఆడోళ్లు. ఒక్కరూ కదలరు.

గాలయ్య కట్టా ఎత్తాడు. నొక్కాడు.

క్లిక్.

నాటు కట్టా. అందులో పట్టేది ఒకటే తూటా!

చావి గాల్లోకి లేచింది...

గాలయ్య హనుమాండ్లు పక్కనే కూలాడు. ముఖానికెదురుగా ముఖం. కళ్లు తెల్లగా ఉన్నాయి. గల్లీలో ఎవరికీ లేనంత తెల్లగా.

హనుమాండ్లు చూస్తున్నాడు.

ఏమీ అనిపించడం లేదు.