మేయరు గారి భయం

పొద్దున్నే కూతురు నాన్నకు కాఫీ కలుపుతుండగా వంటింటి కిటికీ అద్దం భళ్లున పగిలింది. రాయి వచ్చి పొయ్యి పక్కన పడింది. ఆమె అరచేతిలో గాజుపెంకు గుచ్చుకుంది. ఆమెకు నొప్పి తెలియలేదు.

ఆమె తండ్రి ఒకప్పుడు మంత్రి. ఆ తర్వాత పరాయి దేశంలో రాయబారి. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో సొంత ఊరికి మేయరయ్యాడు. పగుళ్లిచ్చిన పాత మార్కెట్టు ఏ క్షణమైనా కూలవచ్చని ఇంజనీర్లు చెప్పడంతో, నిన్న దానికి తాళం వేయించాడు. అప్పటి నుంచి వ్యాపారులు మండిపడుతున్నారు. వాళ్లతో మాట్లాడి వస్తానని ఇప్పుడు చెప్పులు వేసుకుంటున్నాడు.

కూతురు తలుపుకు అడ్డంగా నిలబడింది. "మీరు గడప దాటడానికి వీల్లేదు నాన్నా!"

"తాళం వేయించింది నేను. నేనే మొహం చాటేస్తే ఎలా తల్లీ?"

"ఆ దేశంలోనూ ఇంతే! వీధుల్లో తుపాకులు పేలుతుంటే అమ్మనీ నన్నూ విమానం ఎక్కించి, అక్కడున్న మన దేశంవాళ్లందరూ బయటపడేదాకా కదలనన్నారు. ఫోన్ మోగితే చాలు, ఏ చావు కబురోనని మంచం కిందకి దూరేదాన్ని. మీకేం, భయమంటే తెలీదు. చచ్చేది మేము!"

తండ్రి దగ్గరికి వచ్చాడు. ఆమె చేతి రక్తం చూసి, పెంకు తీయబోయాడు. అది వేళ్లకు చిక్కలేదు.

"తెలీదని ఎవరన్నారే? అక్కడ కుళాయి తిప్పుకుని ఏడ్చేవాణ్ని, బయటికి వినపడకూడదని. మంత్రిగా సంతకం పెట్టిన ప్రతిసారీ, తప్పు చేస్తున్నానేమోనని కాగితం పదిసార్లు చదివేవాణ్ని. ఇప్పుడూ అంతే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"నేనే బెదిరితే మీరేమైపోతారోనని."

"చెప్పకపోతే ఏమైపోయామో చూశారుగా!" అంటూ ఆమె బావురుమంది. తండ్రి ఆమెను దగ్గరకు తీసుకున్నాడు. ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, పెంకు తనే పీకేసి, చేతికి గుడ్డ చుట్టుకుంది. "పదండి, నేనూ వస్తా."

"వద్దమ్మా."

"అయితే మీరూ వద్దు."

ఇద్దరూ వెళ్లేసరికి మార్కెట్టు ముందు జనం ఒక్కసారిగా మీదికి వచ్చారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాకు భయంగా ఉంది," అన్నాడు మేయరు. "మీరంటే కాదు. ఆ కప్పు కింద మీలో ఎవరు పోతారోనని. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు."

చొక్కా పట్టుకున్న చెయ్యి వదులైంది. వెనకనుంచి పండ్లమ్మే ఆవిడ ఒకామె అడిగింది: "మరి మమ్మల్నెక్కడ కూర్చోమంటారు?"

తండ్రి ఆవిడ వైపు నడిచాడు. కూతురూ నడిచింది. ఆమెకు భయం పోలేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి, ఆ భయం తనొక్కదానిది కాదు.